ఇంటివారి యాదరము



నేను మాటాడదలచిన విషయము చాల చిన్నది. మన యింట మనతో నిత్యము మెలగు తల్లిదండ్రులను, భార్యను, బిడ్డలను, కోడండ్రను, తోబుట్టువులను మనమందఱము ప్రేమింతుము. ఆ ప్రేమ వారికి తెలియునట్లు మనము చేయుచున్న పనులేవి? ఇదియే ప్రశ్న. "మనసున నున్న చాలదా, పైకి చూపవలెనా?" అని పెద్దలు పలువురందురు. చాలదని నా యభిప్రాయము. మా యూరితో సంబంధముగల ఒక గృహిణి పదునేడువందల యేండ్లకు పూర్వమే ఈ సంగతిని రాతిమీద చెక్కించి చూపినది. ఆమె వృత్తాంతముతో నారంభించెదను.

మా యూరు ఘంటసాల. బందరునకు పడమట, వరిచేల నడుమ నున్న గ్రామము. క్రీ. శ. 2వ శతాబ్దమున టాలెమీ యను యవన భూగోళవేత్త తన గ్రంథములో మైసోలియా సీమయందలి కొంటకొస్సిల యను వర్తకస్థానమును పేర్కొనెను. ప్రాకృత శాసనములలో కంటకసోల యను పేరు కానవచ్చుచున్నది. ఆ కంటకసోలయే నేటి ఘంటసాల యని చరిత్రకారుల నిర్ణయము. ఇచ్చట బౌద్ధస్తూప మొకటి యుండెను. అలెగ్జాండర్ రే యను పురావస్తు శాఖాధికారి దీనిని పరిశోధించి 1894లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. ఊరిలోని జలధీశ్వరాలయమునకు వచ్చు యాత్రికులలో కొందఱు ఆ స్తూపపు దిబ్బను గూడ చూచి పోవుచుందురు.

ఆ కంటకసోల పేరు పల్నాటి సీమలోని నాగార్జునకొండ శాసనమొకదానిలో నున్నది. ఇక్ష్వాకు వంశజుడగు శ్రీ వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షమున, అనగా క్రీ. శ. 3వ శతాబ్దమున, బోధిసిరి యను ఉపాసిక శ్రీపర్వతముమీద చులధమ్మగిరియందు ఒక చైత్యగృహమును కట్టించెను. ఆ గుడిలో చెక్కించిన శాసనమున ఆమె చేసిన దానములన్నియు వరుసగా చెప్పబడినవి. ఒకచోట చెఱువు, ఒకచోట భిక్షువుల నివాసమునకు గదులు, ఒకచోట బోధివృక్షమునకు మందిరము. ఆ వరుసలోనే కంటకసోల మహాచైత్యము తూర్పువాకిట ఒక శిలామంటపమని యున్నది. మా యూరివారికి ఆ మాట గర్వకారణమే. కాని నేను మీ దృష్టికి తేదలచినది మంటపమును గాదు, అదే శాసనమునందలి బంధువుల పట్టికను.

బోధిసిరి తన దానఫలము తన కొక్కతెకే చెందవలెనని కోరలేదు. మొదట తన భర్త బుధింనకుని పేరు చెప్పెను. పిమ్మట ఆతని తండ్రి గోవగ్రామవాసి యగు రేవత గృహపతిని, తల్లి బుధంనికను పేర్కొనెను. తరువాత ఆ వైపు సోదరులు, సోదరి, సోదరుల కొడుకులు, తోబుట్టువుల బిడ్డలు. అటుపిమ్మట తన పుట్టినింటివారు: తాత మూలవాణియుడు, అవ్వ బుధవాణికిని, కోష్ఠాగారాధికారి యగు మేనమామ, తండ్రి, తల్లి, సోదరుడు, అక్కచెల్లెండ్రు. చివరకు తన కూతురు వీరంనిక, కొడుకులు నాగంనుడు, వీరంనుడు, కోడండ్రు భదసిరియు మిసియు. రాజుల విజయములు చెప్పు శాసనములు పెక్కు చదివినవారికి ఈ శాసనము ఒక యింటి వాకిట నిలిచి లోపలివారినందఱను చూచినట్లుండును.

ఆ పట్టికలో మూడు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఎవరి పేరు వారికి వేఱుగా నుండుట. "బంధువులందఱితో గూడ" అని ఒక్కమాటలో ముగించియుండవచ్చును. రాతిమీద ఒక్కొక్క యక్షరము చెక్కుటకు ఎన్ని ఉలిదెబ్బలు, ఎంత కూలి! అయినను ఆమె వెనుదీయలేదు. ఒకే పేరుగల యిద్దఱు పిల్లలను మహాచందముఖుడు, చులచందముఖుడు అని విడదీసి వ్రాయించినది. చుల యనగా చిన్న. మన యిండ్లలో పెద్దబాబు, చిన్నబాబు అని పిలుచుకొనుటయు నిట్టిదే. పిల్లవాడు చిన్నవాడైనను వాని పేరు వానిదే యని ఆ తల్లి భావము.

రెండవది, అత్తవారు, పుట్టినింటివారు, ఇంటికి వచ్చిన కోడండ్రు, అందఱును ఒకే శాసనములో చోటు పొందుట. కోడలు పరాయిది యనుగాని, కూతురు వెళ్లిపోవునది యనుగాని ఆమె లెక్కింపలేదు. మూడవది, ఆ పని చేయించిన థేరుల పేర్లకు తోడు రాళ్లు చెక్కిన శిల్పి విధికుని పేరును అందే యుండుట. దాత పేరు మిగులుట లోకసహజము. కూలిపని చేసినవాని పేరు మిగులుట అరుదు. ఇంటివారిని ఆదరించువారి చూపు ఇంటికొఱకు చెమటోడ్చువారివఱకు ప్రసరించును గదా.

"ఆమె ధనవంతురాలు, మంటపములు కట్టించినది. మేమేమి కట్టింపగలము?" అని మీరనవచ్చును. కాని ఆమె యిచ్చినదానిలో ఆమె కోడలు మిసికి ముట్టినదేమి? మంటపమా? మంటపము సంఘమునకు చెందినది. మిసికి ముట్టినది రెండక్షరముల తన పేరు. "ఈ పనిలో నీవును నా తలపున నున్నావు" అను సూచన. దానికి ధనముతో పనిలేదు. ఒక మనిషిని ఆ మనిషిగా గుర్తించి, ఆ గుర్తింపు ఆ మనిషికి తెలియునట్లు చేయుట, ఇదియే ఆదరము. మిగిలినవన్నియు దీనికి ఉపకరణములు.

ఈ కొలతతో మన యిండ్లను చూచుకొందము. భార్య పేరు భర్తయు, భర్త పేరు భార్యయు పలుకకుండుట పల్లెలలో పూర్వాచారము. దానియందు కొంత గౌరవము, కొంత సిగ్గు కలవు. నేను దానిని నిందింపను. అయితే పేరు పలుకకుండుట వేఱు, పిలుపే లేకుండుట వేఱు. నలుబదియేండ్లు కాపురముచేసిన యిల్లాలిని "ఏమే", "ఎక్కడ చచ్చినావు" అని పిలుచుటకు ఏ శాస్త్రమును ప్రమాణము కాదు. మఱికొన్ని యిండ్లలో కోడలిని పుట్టినయూరిపేరుతో మొవ్వ అమ్మాయి యనియు, కూచిపూడి ఆవిడ యనియు పిలుతురు. అందు చనువున్నది, తప్పులేదు. కాని కాలము గడచినకొలది అదియే మిగిలి, అసలుపేరు ఓటర్ల జాబితాలో మాత్రమే నిలుచును. నాయనమ్మ పేరేమని యడిగిన మనుమడు తెల్లమొగము వేయును.

నేను బడిపంతులుగా నుండి చిరకాలము దినదినము హాజరుపట్టీ చదివినవాడను. పేరు పిలిచినపుడు పిల్లవాని మొగములో కలుగు మార్పును ఎఱుగుదును. వెనుకవరుసలో గోడకానుకొని కూర్చున్న మందబుద్ధియును తన పేరు వినగనే నిటారుగా కూర్చుండును. "నిన్న నీకు జ్వరమట గదా, తగ్గినదా?" అని మఱియొక మాట చేర్చినచో ఆనాటి పాఠము వానికి తప్పక యెక్కును. పదియేండ్ల బాలునకు ఏది బలమిచ్చుచున్నదో డెబ్బదియేండ్ల తల్లికిని అదియే బలమిచ్చును. వయస్సు పెరిగినకొలది మనుష్యునకు పిలుపులు తగ్గును. పిలుపుమీది ఆశ తగ్గదు.

మన పెద్దలకు ఈ మర్మము తెలియదనుకొనరాదు. వారు ఏర్పఱచిన పండుగలను, వేడుకలను పరికింపుడు. కార్తిక శుద్ధ విదియనాడు భగినీహస్తభోజనము. యమధర్మరాజు తన చెల్లెలు యమున యింట భుజించిన దినమని పురాణగాథ. నియమమంతయు ఏమి? అన్నదమ్ముడు తోబుట్టువు నింటికి పోయి, ఆమె వండిపెట్టినది తిని, తనకు తోచిన కానుక యిచ్చి రావలెను. ఇంతే. పెండ్లియై పోయిన ఆడుబిడ్డకు "నన్ను మఱవలేదు" అని సంవత్సరమున కొకమాఱైనను తోచుటకు ఇది సాధనము. ఆస్తి పంపకములలో మాటపట్టింపు వచ్చి రాకపోకలు నిలిచిన యిండ్లలో ఈ యొక్క భోజనము ఎన్ని తలుపులు తెఱిచినదో మీలో పెద్దవారెఱుగుదురు.

ఇట్టివే తక్కినవియు. భోగినాడు సాయంకాలము చిన్నపిల్లలను పీటపై కూర్చుండబెట్టి తలమీద రేగుపండ్లు, పూలరెక్కలు, చిల్లర డబ్బులు పోయుదురు. ఆ కొంతసేపు ఇరుగుపొరుగు ముత్తైదువులందఱకు ఆ పిల్లవాడే రాజు. ఆషాఢమున పుట్టింటికి వచ్చిన క్రొత్తపెండ్లికూతురి చేతులకు గోరింటాకు పెట్టుదురు. గర్భవతికి సీమంతమున గాజులు తొడుగుదురు. అత్తవారింటికి పోవు కూతురికి చలిమిడి కట్టి పంపుదురు. బియ్యపుపిండియు బెల్లమును కలిపిన ముద్ద అది. దాని వెలయెంత? కాని ఆ మూట విప్పునపుడు కూతురి కంట నీరు తిరుగును. ఈ వేడుకలన్నిటికి లక్షణములు మూడు. ఒక నియతమైన కాలముండును గనుక మఱపునకు తావులేదు. ఖర్చు స్వల్పము గనుక పేదయింటను జరుగును. ఒక్కొక్కటి ఒక్కొక్క మనిషిని ఉద్దేశించినది గనుక గుంపులో ఎవ్వరును కలిసిపోరు.

ఈ మూడు లక్షణములును నేడు సడలుచున్నవి. షష్టిపూర్తి యనిన ఊరికూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ, వందలమందికి విందు, ఫొటోగ్రాఫరు చెప్పినట్లెల్ల నిలుచుట. వేడుక చేయువారి సంతోషమును నేను కాదనను. కాని పెండ్లిపీటలమీద మరల కూర్చున్న ఆ వృద్ధదంపతులను తరువాత నడిగి చూడుడు. ఆ తండ్రికి కంటిపొర తీయించవలసి యేడాదియైయుండును. ఆ తల్లి కళ్లజోడు కాడ విరిగి దారముతో కట్టుకొనియుండును. విందులో వడ్డించిన పదార్థముల లెక్క కొడుకునకు తెలియును, అమ్మ కళ్లజోడు సంగతి తెలియదు. వేడుక పెద్దదగుటచే మనిషి చిన్నవాడయ్యెను. ఆ కళ్లజోడు బాగుచేయించి తెచ్చి అమ్మ చేతిలో పెట్టిన దినమే ఆమెకు నిజమైన పండుగ.

ఇచ్చుట యెట్లో తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో చక్కగా చెప్పబడియున్నది. చదువు ముగించి యింటికి పోవు శిష్యునకు గురువు చేయు ఉపదేశము అది. తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దైవములుగా చూడుమని చెప్పి, వెంటనే దానవిధిని బోధించును. శ్రద్ధతో నీయవలెను, శ్రద్ధలేనిచో నీయరాదు. కలిమికి తగినట్లు, సిగ్గుతో, భయముతో, సంవిత్తుతో నీయవలెను. సిగ్గేల? "ఇంతకన్న ఎక్కువ యీయలేకపోతినే" యని. భయమేల? పుచ్చుకొనువాని మనసు నొచ్చునేమో యని. ఈ రెండు వివరణములును నావి. సంవిత్తునకు స్నేహభావమని భాష్యము. ఎఱుక యనునది దాని సామాన్యార్థము. స్నేహమున్నచోటనే ఎదుటివాని యవసరము ఎఱుకపడును గనుక రెండర్థములును ఒకచోటనే కలియుచున్నవి.

ఈ ఎఱుకయే చిన్నపనిని పెద్దది చేయును. వేసవిలో తాటిముంజెలు ఎవరైనను తెత్తురు. పండ్లూడిన తల్లికి లేతముంజెలు ఏరి, పొట్టు తానే తీసి గిన్నెలో వేసి యిచ్చుట ఎఱుక. సంక్రాంతికి అరిసెలు అందఱును వండుదురు. తండ్రికి గట్టివి నమలుట కష్టమని ఆయనకు నాలుగు మెత్తగా వేఱుగా తీసియుంచుట ఎఱుక. భార్య తలలో పెట్టుకొనునది మల్లెయో, కనకాంబరమో, మరువమో తెలిసి తెచ్చుట ఎఱుక. మినుముతీతకు పోయి నడుము విఱుగ వచ్చిన యింటివారికి కాగులో వేడినీళ్లు సిద్ధముగా నుంచుట ఎఱుక. చూపు మందగించిన అన్నకు సాయంకాలము పత్రిక చదివి వినిపించుట ఎఱుక. వీనిలో దేనికిని రూపాయలతో పనిలేదు. ఎదుటి మనిషిని ఇంతకాలముగా చూచుచుంటిమా లేదా యనుటకు ఇవియే పరీక్షలు.

భోజనవిషయము కొంచెము విడిగా చెప్పవలెను. మన యిండ్లలో అందఱు తినిన పిమ్మట గిన్నె యడుగున మిగిలినది యిల్లాలు తినుట వాడుక. "శాస్త్రమట్లున్నది" అని కొందఱు సమర్థింతురు. మనుస్మృతిలో నేటి న్యాయబుద్ధికి సరిపడని మాటలు పెక్కు కలవు. వానిని నేను సమర్థింపను. కాని ఈ విషయమున దానిని ప్రమాణముగా చూపువారు మూడవ యధ్యాయమును చదివి చూడవలెను. క్రొత్తకోడండ్రకు, కన్నెపిల్లలకు, రోగులకు, గర్భవతులకు అతిథులకంటె ముందుగా, సంశయింపక వడ్డింపుమని అచ్చట నున్నది. అతిథులును, పోష్యవర్గమును భుజించిన పిమ్మట మిగిలినది ఎవరు తినవలెను? దంపతులు. అచ్చటి క్రియ ద్వివచనమున నున్నది. వ్యాకరణము చదివినవారికి ఇంతకన్న ప్రమాణము వలదు. చివర మిగులవలసినది భార్య యొక్కతెయే కాదు, భార్యాభర్త లిద్దఱును.

కాబట్టి నా వయస్సువారికి ఒక మనవి. రేపటి రాత్రి నుండి యిల్లాలితో కలిసి విస్తరి ముందు కూర్చుండుడు. మొదట ఆమె సిగ్గుపడును. "పిల్లలు చూచుచున్నారు" అనును. చూడనిండు. పిల్లలు నేర్చుకొనవలసిన పాఠము అదియే. కూర బాగున్నచో బాగున్నదని పైకి చెప్పుడు. ఉప్పు తక్కువైనపుడు చెప్పుటకు మనకు నోరున్నది. రుచిగా నున్నపుడు మాత్రము మౌనవ్రతమెందుకు? కోడలు వండినదైనచో ఆమె పేరుతో పిలిచి చెప్పుడు. గాంభీర్యము తగ్గునని జంకవలదు. గాంభీర్యము లోతైన నీటికుండు గుణము. నీరేలేని నూతికి గాంభీర్యమేమి?

పిల్లలు దూరదేశములలో నున్నవారి మాట వేఱుగా నున్నది. ఈ సీమలో ఒక్కబిడ్డయైనను హైదరాబాదునందో, అమెరికాయందో లేని వీథి అరుదు. ఫోనున్నది, మొగము కనబడును, మాట వినబడును. అయినను ఆ మాటలు చూడుడు: "భోజనమైనదా, వాన పడినదా, మందులు వేసికొంటివా, ఉండనా మఱి". ప్రశ్నలు మంచివే, ప్రతిదినము నవియే యగుటచే చెవికి చేరక జాఱిపోవును. దూరముననుండు బిడ్డను పెద్దలు ఒక్క క్రొత్తప్రశ్న యడుగవలెను: "మొన్న నీ పనిలో కష్టమంటివి, అది యేమైనది?" ఆ బిడ్డ చెప్పినది జ్ఞాపకముంచుకొని మరల నడుగుటకన్న ఆదరము లేదు. పిల్లలును అట్లే. "నాన్నా, ఆ పడమటిచేను గట్టుమీది మామిడి పూతకు వచ్చినదా?" అని ఒక్కమాట యడిగినచో ఆ తండ్రి మఱునాడు పొద్దుటనే చేనికి పోయి చూచి వచ్చును. ఆయనకు ఆ వారమంతయు పండుగయే.

ఇదంతయు తీరికవేళ మాటలని తోచినవారికి 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని జ్ఞప్తిచేయుదును. ఆనాటి ఉప్పెనలో దివిసీమలో వేలకొలది ప్రాణములు పోయినవి. కుటుంబములకు కుటుంబములే తుడిచిపెట్టుకొని పోయినవి. నేనప్పటికి చదువుకొనుచున్న బాలుడను. మిగిలి వచ్చినవారు తరువాత చాలకాలము చెప్పుకొన్న మాటలు విన్నాను. పోయిన బంగారమును గూర్చి, గొడ్డుగోదను గూర్చి కొంతకాలము చెప్పుకొనిరి, తరువాత మానిరి. మానక చెప్పుకొన్నవి వేఱు. "మా చిన్నది పాలమీగడ దాచియుంచమనెడిది." "మా యమ్మ గడపలో కూర్చుండి నేను వచ్చువఱకు నిద్రపోయెడిది కాదు." మనుష్యుడు పోయిన పిమ్మట మిగులునవి ఇట్టి చిన్నసంగతులే. బ్రతికియుండగా వీనిని చిన్నవని త్రోసివేయుటయు, పోయినపిమ్మట వీనికొఱకే యేడ్చుటయు ఏమి వివేకము?

పితృకార్యములు శ్రద్ధతో చేయువారము మనము. తర్పణమున తండ్రి, తాత, ముత్తాతలకే గాక తల్లికి, నాయనమ్మకు, ఆమె అత్తగారికిని గోత్రనామములు చెప్పి నీళ్లు విడుచుదుము. అనగా మూడు తరముల స్త్రీల పేర్లు కుటుంబము జ్ఞాపకముంచుకొనవలెనని పూర్వులు విధించిరి. అయినను ముత్తవ పేరు వచ్చుచోట పురోహితుడు ఆగి మన మొగము చూచుటయు, మనము పెద్దన్నగారి మొగము చూచుటయు జరుగుచున్నవి. బోధిసిరి అవ్వ పేరు మనకు తెలియును. మన అవ్వ పేరు మనకు తెలియదు. ఆమె రాతిపై వ్రాయించినది, మనము కాగితముమీదనైనను వ్రాయలేదు.

అందుచేత పెద్దలకు మఱియొక చిన్నపని చెప్పి ముగింతును. నూఱుపుటల లెక్కలపుస్తక మొకటి కొనుడు. అందు మీకు తెలిసినంతవఱకు ఇంటివారి పేర్లు వ్రాయుడు. సాధారణముగా వంశవృక్షములందు కొడుకుల పేర్లు మాత్రమే కొమ్మలై నిలుచును. మీరు కూతుండ్రను, కోడండ్రను గూడ వ్రాయుడు. ఒక్కొక్క పేరునకు ఎదురుగా పుట్టినయూరును, వారికి ప్రియమైనదానిని, వారు ఇంటికి చేసిన మేలును ఒక్కొక్క పంక్తి చేర్చుడు. "దూడలను సాకుటలో నేర్పరి." "ఆవకాయ కలిపినచో ఏడాదికి చెడదు." "తమ్ముని చదువునకు తన గొలుసు నమ్మి యిచ్చినది." పొలములో, కొట్టములో తరతరములుగా పనిచేసినవారి పేర్లును విడువవలదు, శిల్పి విధికుని జ్ఞాపకముంచుకొనుడు. పుస్తకము నిండుటకు ఒక వర్షాకాలము చాలును.

వ్రాసినదానిని పెట్టెలో దాచవలదు. ఎవరి పంక్తి వారికి వారు బ్రతికియుండగనే చదివి వినిపింపుడు. భార్యతో మొదలుపెట్టుడు. చదువునపుడు మీ గొంతు తడబడినను ఫరవాలేదు. ఆమె యేమియు అనక లోపలికి పోయి, కొంతసేపటికి అడుగకయే కాఫీ తెచ్చి యిచ్చిన యెడల అది జవాబని గ్రహింపుడు.

మీ యిండ్ల వారందఱకును ఆయురారోగ్యములు కలుగుగాక. సెలవు.